ఆయాసం... గ్యాస్ కాదేమో!

చంద్రశేఖరపురం నుంచి హైదరాబాద్‌కి రాత్రంతా బస్సులో కూర్చునే వెళ్తున్నారా? గంటల తరబడి కాళ్లు కదపకపోయినా, ఆపరేషనో కాన్పో అయి మంచం మీదున్నా కాలి సిరలో రక్తం గడ్డకట్టొచ్చు. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల రక్తనాళంలో ఇరుక్కుంటే ప్రాణానికే ముప్పు.

ఉన్నట్టుండి ఆయాసం, గాలి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టు నొప్పి, దగ్గితే రక్తం, కళ్లు తిరగడం, ఒక కాలే వాయడం... వీటిలో ఏది కనిపించినా సోడా తాగి పడుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈమధ్య చేసిన ప్రయాణం, ఆపరేషన్, వాడుతున్న గర్భనిరోధక మాత్రల సంగతి డాక్టరుకు చెప్పండి.

సీటీ స్కాన్‌లో గడ్డ కనిపిస్తుంది. హెపారిన్ లాంటి మందులు అది పెరగకుండా ఆపుతాయి. బీపీ బాగా పడిపోతే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు. ఆ తర్వాత కనీసం 3 నెలలు మందులు వాడాలి. తగ్గింది కదా అని మధ్యలో మానేయొద్దు!