అయిదు నిమిషాల పౌరుషం

మా మరిది కొడుకు ఇంగ్లండులోని డక్స్‌ఫర్డ్ వెళ్ళి, మళ్ళీ బాగుచేసి ఎగరేస్తున్న రెండో ప్రపంచ యుద్ధంనాటి విమానాల విన్యాసాలు చూసొచ్చాడు. "ఏం లేదు పెద్దమ్మా, పేరుకే స్పిట్‌ఫైర్! ఇంజను బలం సగం దాచుకుని ముసలమ్మలా నడిపిస్తున్నారు. యుద్ధంలో పోయినంత వేగంగా పోనప్పుడు లక్షలు పోసి బాగుచేయడం దేనికీ?" అని పెదవి విరిచాడు.

ముసలమ్మ అన్నందుకే నాకు చిర్రెత్తుకొచ్చిందేమో, చెప్పలేను. కానీ ఈ మాట అనేవాడు వాడొక్కడే కాదు. అందరితోనూ నాకు తగువే.

పుస్తకాల్లో కనిపించే గంటకు 350 మైళ్ళ పైచిలుకు వేగం సుమారు 19 వేల అడుగుల ఎత్తున వచ్చేది. ఇంజనులోకి గాలిని కూరే సూపర్‌చార్జరును ఆ పల్చటి గాలికి తగ్గట్టుగా అమర్చారు. జనం తలెత్తి చూసేంత కిందుగా ఎగిరితే 1940లో కూడా అంత వేగం లేదు. పైగా ఆనాటి విమానం ఎనిమిది తుపాకులూ, ఒక్కోదానికి 300 తూటాలూ మోసుకుని పైకెక్కాలి. ఇప్పటిదానికి ఆ బరువు లేదు. మావాడు ఈ లెక్క మటుకు వేయలేదు.

ఇక బలం సంగతి. 100 ఆక్టేన్ పెట్రోలు వచ్చాక, 1940లో మెర్లిన్ ఇంజను బూస్టును 12 పౌన్ల దాకా పెంచుకోనిచ్చారు. ఎంతసేపనుకున్నారు? అయిదు నిమిషాలు! కిందికి దిగాక ఆ సంగతి ఇంజను లాగ్‌బుక్కులో రాయాలి కూడా. ఎందుకంటే ఆ అయిదు నిమిషాల్లో ఇంజను ఆయుష్షు కరిగేది. కరిగితే ఫ్యాక్టరీనుంచి మరొకటి వచ్చేది. మొత్తం 20 వేలకు పైగా స్పిట్‌ఫైర్లు తయారుచేశారు మరి. ఇప్పుడు కొత్త మెర్లిన్ ఏ ఫ్యాక్టరీ నుంచి వస్తుంది? అమ్మమ్మ పెళ్ళినాటి పట్టుచీర పేరంటానికి కట్టుకుంటాం గానీ, కట్టుకుని పొయ్యి ముందు బూరెలు వండుతామా?

అసలు "యుద్ధకాలపు పనితనం" అంటే ఏ సంవత్సరానిది? 1940 స్పిట్‌ఫైర్ ముక్కు ఒక్కసారిగా కిందికి వంచితే కార్బురెటర్లో పెట్రోలు తారుమారై ఇంజను దగ్గేది. జర్మన్ల మెసర్‌ష్మిట్‌కు ఆ జబ్బు లేదు. తరుముతుంటే ముక్కు దించి హాయిగా జారుకునేది. 1941లో ఫార్న్‌బరోలో పనిచేసే బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు, పెట్రోలు ధారను అదుపుచేసే చిన్న చిల్లుబిళ్ళతో ఆ దగ్గు చాలావరకు కుదిర్చింది. బ్రూక్‌లాండ్స్ పందెపు బాటలో మోటారుసైకిలు మీద గంటకు 100 మైళ్ళు దాటిన మనిషి ఆవిడ! మావాడు ఆ పేరే వినలేదట. అచ్చంగా 1940 నాటిదే కావాలనేవాళ్ళకి ఆ దగ్గు కూడా కావాలా?

ఆ అయిదు నిమిషాలలో కరిగింది ఇంజను ఒక్కటే అయితే నేనింత రాయను. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా హైదరాబాదు పేరు పెట్టుకున్న 152వ స్క్వాడ్రన్ 1940లో స్పిట్‌ఫైర్ల మీదే పోరాడింది. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది. అందులోంచి తిరిగిరాని కుర్రాళ్ళు చాలామంది మావాడి వయసువాళ్ళే. ఆ వేగం వాళ్ళు ఎవరికీ చూపించడానికి తీయలేదు. వెనక తుపాకీ ఉంది కాబట్టి తీశారు.

2024 మే 25న కానింగ్స్‌బీ దగ్గర ఒక స్పిట్‌ఫైర్ కూలి పైలట్ చనిపోయాడు. యుద్ధం లేదు, శత్రువు లేడు. అయినా ఒక ఇంట్లో మనిషి తిరిగిరాలేదు. ఇంకాస్త బలం తీయమని కింద కుర్చీలో కూర్చుని ఐస్‌క్రీం తింటూ అడగడానికి నోరెలా వస్తుంది?

ఇదంతా చెబితే మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోనులో తాను తీసిన వీడియో పెట్టి నా చేతికిచ్చాడు.

"చప్పుడు మటుకు బ్రహ్మాండంగా ఉందిరా" అన్నాను.