బావినీటి విషము — విశ్వవిద్యాలయముల విధి

విషమనగా పాముకోరలో నుండునది, పురుగుమందు డబ్బాలో నుండునది యని మనము తలంతుము. త్రాగినంతనే చంపు విషమును గుర్తించుటకు శాస్త్రమక్కరలేదు. ఇరువదియేండ్లు దాహము తీర్చి, పిమ్మట వెన్నెముకను వంచు విషమును గుర్తించుటకే శాస్త్రము కావలయును. రుచియు, వాసనయు, రంగును లేని యట్టి విషము రాయలసీమ భూగర్భజలములలో అనేక గ్రామములయందున్నది. దాని పేరు ఫ్లోరైడు. కావున, గాలి నీరు నేలలందలి విషములను శోధించు పరిసర విషవిజ్ఞానమును మన విశ్వవిద్యాలయములు ఎట్లు బోధింపవలయునను ప్రశ్న పండితులకు మాత్రమే సంబంధించినది కాదు. కోడుమూరు రైతునకును సంబంధించినది.

ఈ విద్య మనకు పరాయిది కాదు. ఆయుర్వేదముయొక్క అష్టాంగములలో అగదతంత్ర మొకటి. విషదూషితములైన జలము, నేల, గాలి ఎట్లుండునో, వానిని శుద్ధిచేయు మార్గమేదో సుశ్రుతసంహిత కల్పస్థానమున చర్చింపబడినది. అయినను ఆ పరంపరను మనము ప్రయోగశాలవఱకు తీసికొనిరాలేదు. దాని ఫలితమును నాటి నెల్లూరు జిల్లా మెట్టప్రాంతము అనుభవించినది. అచట ఎడ్లు కాళ్లు పట్టుకొనిపోయి నడువలేకపోవుటను రైతులే ముందుగా గమనించిరని ఈ వ్యాధిచరిత్ర నెఱిగినవారు చెప్పుదురు. రైతు చూచెను, కాని కారణమును కొలిచి చెప్పు సాధనము అతనికడ లేదు. 1937లో షార్టు మున్నగు వైద్యులు అది ఫ్లోరైడువలన గలుగు ఎముకల వ్యాధియని ప్రకటించిన పిమ్మటగాని దోషము నీటిదని లోకమునకు తెలియలేదు. చూచువాడొకడు, కొలుచువాడొకడు అయినచోట ఎన్నియేండ్లు వృథాయగునో ఇందువలన తెలియుచున్నది.

కర్నూలునకు నైరుతిగా హంద్రీ పరీవాహమునందున్న కోడుమూరు సంగతి విచారింతము. వర్షము స్వల్పము, బోరే యాధారము. రాయలసీమలో చాలచోట్ల నేలక్రిందనున్నది గ్రానైటు. ఆ శిలలలోని ఫ్లోరైడు ఖనిజములు క్షారగుణము హెచ్చి కాల్షియము తగ్గిన నీటిలో ఎక్కువగా కరగును. నీరు ఱాతినంటి ఎంతకాలముండిన నంతగా కరగును. ప్రక్కప్రక్కనున్న రెండు బోర్లలో సైతము దాని పరిమాణము వేఱువేఱుగ నుండవచ్చును. కనుక ఊరికంతటికి ఒక అంకె చెప్పుట వ్యర్థము. ప్రతి బోరును కొలువవలయును.

కొలిచినంతమాత్రమున పని ముగియదు. త్రాగునీట లీటరునకు 1 మిల్లీగ్రాము, వేఱు నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వఱకు భారతీయ ప్రమాణము ఒప్పుకొనుచున్నది. దినమునకు 2 లీటర్లు త్రాగు మనుష్యుని దేహములోనికి ఆ నీటివలన 3 మిల్లీగ్రాములు చేరును. వైశాఖపుటెండలో వేరుసెనగ చేనిలో పనిచేయు కూలి 5 లీటర్లు త్రాగెనేని చేరునది 7.5 మిల్లీగ్రాములు. నీరొకటే, అంకె యొకటే; విషము రెండున్నర రెట్లు! శీతోష్ణస్థితిని, త్రాగు నీటి పరిమాణమును గణించి ప్రమాణములను నిర్ణయించుకొనవలయునని ప్రపంచ ఆరోగ్యసంస్థయే చెప్పుచున్నది. మన ఎండను, మన కూలిని, మన సంగటిని ఎఱిగి ఆ లెక్కను వేయువారెవరు? మన విశ్వవిద్యాలయములు కాక మఱెవ్వరు?

2019లో ప్రారంభమైన జలజీవన కార్యక్రమము గ్రామమునకు అయిదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పుటకు ఏర్పాటుచేసినది. ఇది శ్లాఘనీయము. కాని పరీక్షనాళికలోని రంగు నీటిస్థితిని చెప్పును, దేహస్థితిని చెప్పదు. ఎంత, ఏ మార్గమున, ఎంతకాలము, ఏ యవయవమునకు అను నాలుగు ప్రశ్నలకును ప్రత్యుత్తరము చెప్పునదే విషవిజ్ఞానము. ప్రత్తిచేలపై చల్లు మందులకును ఈ నాలుగు ప్రశ్నలే వర్తించును. 2020 డిసెంబరులో ఏలూరున వందలాది జనులు హఠాత్తుగా మూర్ఛిల్లినప్పుడు నమూనాలను ఢిల్లీకిని హైదరాబాదునకును పంపి ఎదురుచూడవలసివచ్చెను. ప్రతి జిల్లాయు అట్లే ఎదురుచూడవలసినదేనా?

తిరుపతియందు 1954లో, కడపయందు 2006లో, కర్నూలునందు 2008లో విశ్వవిద్యాలయములు వెలసినవి. ఇవి సీమప్రజలు కోరి సాధించుకొన్న సంస్థలు. అందు విషవిజ్ఞానమును పాఠ్యగ్రంథమున ఒక అధ్యాయముగా ముగించిన చాలదు. విద్యార్థి ఒక మండలమును తన ప్రయోగశాలగా నెంచి, బోర్లను కొలిచి, పిల్లల దంతములను పరీక్షించి, తన నిర్ణయమును తెలుగున వ్రాసి గ్రామసభలో చదువవలయును. అట్లు చదివి వినిపింపని పరిశోధన పట్టమునకు పనికివచ్చును గాని ప్రజలకు పనికిరాదు.

ఈ చదువునకు ఉద్యోగమేదియని తల్లిదండ్రు లడుగుదురు. అది న్యాయమైన ప్రశ్నయే. కాలుష్యనియంత్రణ మండలి, నీటిపరీక్షాశాలలు, ఔషధపరిశ్రమలు ఇట్టివారిని కోరును. కాని ఆ కొలువులు మాత్రమే చాలవు. మండలమునకొక విషపరీక్షకుని నియమించుట ప్రభుత్వమునకు దుర్భరమైన వ్యయము కాదు. వంగిపోయిన ఎముకలను తిరిగి నిలుపు మందు లేదు. కావున ముందుగా కొలుచుటయే చికిత్స.

భూస్వాములగు మాన్యులకు ఒక మాట. మిద్దెయింటివారు శుద్ధిచేసిన నీటిడబ్బా కొనుక్కొందురు. వారి చేలో కలుపుతీయు కూలి బోరునీరే త్రాగును. వారి ప్రత్తికి మందుచల్లువాడు ఆ గాలినే పీల్చును. మన పంట యెవరి దేహముమీద పండుచున్నదో తెలిసికొనుట మనకు ధర్మము. పరీక్షింపని బోరు ఒక్కటియు మీ పొలమున లేకుండునట్లు చూడుడు. పిల్లలలో ఒకరినైనను ఈ విద్యకు పంపుడు. స్వరాజ్యము వచ్చిన పిమ్మటను మన నీటిని మనము కొలుచుకొనలేకపోవుట కంటె లజ్జాకరమైన దాస్యము వేఱొండు లేదు.