ప్లాంటు ఆపే అధికారం ఇక్కడే ఉండాలి

విశాఖ, పరవాడ, అచ్యుతాపురం ప్రాంతాల ప్రజలకు, కార్మిక సోదర సోదరీమణులకు విజ్ఞప్తి!

1991 ఆర్థిక సంస్కరణల తర్వాత మన దేశానికి విదేశీ కంపెనీలు వరసకట్టాయి. మన పిల్లలకు ఉద్యోగాలిచ్చాయి. వాటిని వెళ్లగొట్టమని మేం అడగడం లేదు. ఫ్యాక్టరీ ఇక్కడ, పెత్తనం ఎక్కడో అన్న పద్ధతి మారాలంటున్నాం.

విశాఖలోని హిందుస్థాన్ పాలిమర్స్‌ను 1997లో దక్షిణ కొరియాకు చెందిన ఎల్జీ కెమ్ కొనుక్కుంది. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి ట్యాంకు నుంచి లేచిన స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురాన్ని కమ్మేసి 12 మందిని పొట్టనబెట్టుకుంది. ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగున మాత్రమే చూశారనీ, పైన ఎంత వేడెక్కిందో తెలిసే ఏర్పాటే లేదనీ రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. సైరన్ మోగించడానికి ప్లాంటులో 36 చోట్ల వీలుంది. ఒక్కచోటా మోగించలేదు. ఇది ఒకరిద్దరి అజాగ్రత్త అని సరిపెట్టుకుందామా?

విదేశీ యాజమాన్యాల కింద పనిచేసిన వాళ్లను అడగండి. వాల్వు మార్చాలన్నా, షట్‌డౌన్ తీసుకోవాలన్నా ‘పైనుంచి అప్రూవల్ రావాలి’ అన్న మాటే వినిపిస్తుంది. విదేశం నుంచి వచ్చిన అధికారి కొన్నేళ్లుండి వెళ్లిపోతాడు. ఏ పైపు కారుతోందో తెలిసిన కాంట్రాక్టు కార్మికుడి భాష ఆయనకు రాదు, ఆయన భాష ఇతనికి రాదు.

భోపాల్ గ్యాస్ ఘోరం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదం పొంచి ఉంటే యాజమాన్యానికీ ఇన్‌స్పెక్టరుకూ చెప్పే హక్కు కార్మికుడికి ఇచ్చారు. చెప్పే హక్కే ఇచ్చారు, ఆపే హక్కు ఇవ్వలేదు.

అందుకే ప్రమాదకర రసాయనాలు వాడే ప్రతి ఫ్యాక్టరీ లైసెన్సులోనూ (స్వదేశీదైనా సరే) ఈ షరతు రాయాలి: షిఫ్టు ఇన్‌చార్జి ఎవరినీ అడగకుండా ప్లాంటు ఆపవచ్చు, సైరన్ మోగించవచ్చు. అలా ఆపినందుకు అతని ఉద్యోగానికి ముప్పు రాకూడదు. సేఫ్టీ మాన్యువల్ తెలుగులో ఉండాలి. ప్రమాదం జరిగితే పరిహారానికి మాతృసంస్థ పూచీ పడాలి.

యాజమాన్యాలకూ ఇది మేలే. ఆపితే పోయేది ఒక షిఫ్టు ఉత్పత్తి. ఆపకపోతే ఏమవుతుందో చూశాం. 2020 జూలైలో ఆ విశాఖ ప్లాంటు నడిపిన కంపెనీ సీఈఓ సైతం అరెస్టయ్యారు.

కొత్త ఫ్యాక్టరీకి ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టినప్పుడు ఇంటికొకరు రండి. ఈ షరతును మినిట్స్‌లో రాయించండి. రాసినదాన్ని సభ చివర స్థానిక భాషలో చదివి వినిపించాలన్నది నిబంధన. చదివేదాకా కుర్చీలోంచి లేవకండి.