గ్రామఫోను ప్లేటు వాద్యమగునా?

డీజే యను మాట చెవిని బడగానే మన యిండ్లలోని పెద్దలు లేచి కిటికీ తలుపులు మూయుదురు. అందులకు వారిని తప్పు పట్టరాదు. మన తెలుగునాట ఆ మాటకు, పెండ్లి యూరేగింపులోను వినాయక నిమజ్జనములోను నడచు లారీయనియు, దానిపై గోడవలె పేర్చిన లౌడు స్పీకర్లనియు అర్థము స్థిరపడినది. ఆ లారీ వీథిలో పోవునపుడు అలమారులోని గిన్నెలు గణగణలాడును. ఊయలలోని పసిబిడ్డ ఉలికిపడి యేడ్చును. నేనును తలుపులు మూయుదానినే. ఈ మాసము సోదరీమణులకు నేను చెప్పబోవునది ఆ లారీని గూర్చి కాదు; అదే పేరు గల వేఱొక పనిని గూర్చి. దానిని చెవియొగ్గి వినవలసిన యగత్యము నాకు మా యింటి తగవు మూలమున గలిగినది.

మా తమ్ముని కూతురు ఎనిమిదేండ్లు వీణ నేర్చినది. వర్ణములు దాటి కీర్తనలలో బడిన పిమ్మట చదువును, దాని వెంట ఉద్యోగమును వచ్చి వీణ గవిసెనలో చేరినది. ఇపుడామెకు ఇరువదియాఱేండ్లు. రెండేండ్ల క్రిందట తన జీతపు సొమ్ముతో ఏవో రెండు యంత్రములు కొని గదిలో పెట్టుకొని, నెలకొక శనివారము హైదరాబాదులోని యొక హాలులో డీజేగా వాయించుచున్నది. ఈలోపల నొక మంచి సంబంధము వచ్చినది. వరుని తల్లి అన్ని సంగతులును విని, “అమ్మాయి ఆ పని మానును గదా?” యని మాత్రమే యడిగినదట. మా తమ్ముడు మానుననెను. పిల్ల మాననన్నది. నాలుగు దినములు ఆ యింట నెవ్వరును సరిగా భుజింపలేదు. మఱదలు నాకు ఫోను చేసి, “వదినగారూ, మీరు సంగీతము తెలిసినవారు. ఒకసారి వచ్చి వినండి. అది విద్యయే యని మీరంటే నేను ఆయనకు చెప్పుకొంటాను, కాదంటే పిల్లకు చెప్పుకొంటాను” అన్నది.

మా తమ్ముని యాక్షేపణ చిన్నది కాదు. “అక్కయ్యా, పాట కట్టినవాడొకడు, పాడినదొకతె, వాయించినవారు పదిమంది. ఆ ప్లేటును త్రిప్పుటకు కూడ వాద్యమను పేరెందుకు? తాతగారి గ్రామఫోనుకు కీ యిచ్చిన పనివాడును విద్వాంసుడేనా?” అనెను. నా మనసులోనూ అదే ప్రశ్న యున్నది గనుక నేను మాఱు పలుకలేదు.

శనివారము మధ్యాహ్నము పిల్ల నన్ను తన గదిలోనికి తీసికొనిపోయినది. బల్లపై రెండు యంత్రములు. వాని నడుమ మీటలతోను బొడిపెలతోను నిండిన యొక పెట్టె. పూర్వము ఇట్టి యంత్రములపై నిజమైన ప్లేట్లే తిరిగెడివి. 1972లో జపాను దేశపు మత్సుషిత కంపెనీవారు టెక్నిక్సు అను పేర విడుదల చేసిన ఎస్.ఎల్. 1200 అనునది ఇండ్లలో పాటలు వినువారికై చేయబడినదే. కాని దాని మోటారు బలమైనదగుటచే, చేతితో ప్లేటు నాపి విడిచినను వెంటనే వేగమందుకొనెడిది. అందుచే డీజేలు దానిని తమదిగా జేసికొనిరి. ఇపుడు మా పిల్ల పాటలన్నియు వ్రేలెడంత పెన్ డ్రైవులో నున్నవి. పని మాత్రము మాఱలేదు.

ఆ పని యేమనగా, ఒక పాట సభలో మ్రోగుచుండగా, తరువాత రావలసిన పాటను సభకు వినబడకుండ తాను మాత్రము హెడ్‌ఫోనులో ఒక చెవితో వినవలెను. రెండవ చెవి సభపై నుండవలెను. ఈ సంగీతము చాలవఱకు నాలుగేసి దెబ్బల లెక్కను, నిమిషమునకు 120 మొదలు 130 దెబ్బల వేగమున నడచును. మొదటి పాట నిమిషమునకు 120 దెబ్బలును, రెండవది 122 దెబ్బలును నడచుచున్నవనుకొనుడు. రెండును ఒక్కసారి మొదలిడినను, అరనిమిషము గడచుసరికి రెండవది ఒక పూర్తి దెబ్బ ముందునకు పోవును. ఆ నడుమ పదునైదవ సెకను దగ్గఱ ఒకదాని దెబ్బల సందులలో రెండవదాని దెబ్బలు పడి, ఇద్దఱు పిల్లలు బూట్లతో చెక్కమెట్లు దిగుచున్నట్లు వినబడును. అట్లు కాకుండుటకు రెండవదాని వేగమును నూటికి ఒకటిన్నర పాలు కంటె కొంచెము హెచ్చుగా తగ్గింపవలెను. తగ్గించిన పిదప ఆవర్తములు లెక్కించుకొని, ఎత్తుగడ తప్పకుండ దానిని సభలోనికి విడువవలెను. శ్రుతి సంగతి వేఱు. ప్లేటు నెమ్మదించినచో శ్రుతియు దిగును. వేగము నూటికి ఆఱు పాళ్లు తగ్గినచో ఇంచుమించు ఒక స్వరస్థానము దిగిపోవును. ఇప్పటి యంత్రములు శ్రుతిని నిలిపి వేగమును మాత్రమే మార్చగలవు.

“మీరొకసారి చూడండి అత్తయ్యా” యని పిల్ల హెడ్‌ఫోను నా చేతికిచ్చినది. ఒక చెవి పాలపొంగుపైనను ఒక చెవి పసిబిడ్డపైనను ఉంచుట ఇల్లాలికి అలవాటే గదా యని ధీమాతో కూర్చుంటిని. ఏడుమాఱులు ఓడితిని. ఏది గట్టిగా వినబడిన దాని వెంటనే నా మనసు పోవుచుండెను. రెండవది ముందున్నదో వెనుకనున్నదో తెలియకుండెను. తంబుర లేకయే శ్రుతి పట్టుదునను గర్వము నాకు చిన్ననాటినుండి కలదు. ఆనాటితో అది కొంత తగ్గినది.

గుమ్మములో నిలుచున్న మా తమ్ముడు, “ఇంత శ్రమ యెందుకు? మీట నొక్కితే యంత్రమే కలుపునట గదా!” అనెను.

“కలుపుతుంది నాన్నా. ఏ పాట తరువాత ఏ పాట రావాలో, ఎప్పుడు రావాలో అది చెప్పదు” అన్నది పిల్ల. అతడు లోనికి రాకయే వెడలిపోయెను.

ఆమె బల్లపై గోడకు ఒక ఆంగ్లేయ స్త్రీ చిత్రపటము తగిలించియున్నది. ఎవరీమె యని యడిగితిని. డాఫ్నీ ఓరం అని చెప్పినది. ఆమె కథ వినిన పిమ్మట నా ప్రశ్నకు సగము జవాబు దొరకినది గనుక దానిని కొంచెము విపులముగ వ్రాయుదును.

ఓరం 1925లో ఇంగ్లండున పుట్టినది. 1942లో లండను రాయల్ కాలేజి ఆఫ్ మ్యూజిక్‌లో చోటు దొరకినను కాదని, బి.బి.సి. రేడియోలో చిన్న ఇంజనీరు పనిలో చేరినది. అవి యుద్ధపు దినములు. సంగీత సభ రేడియోలో ప్రసారమగుచుండగా బాంబులు పడిన యెడల ప్రసారము తెగిపోవును. అట్లు తెగకుండ, సభలో వాయించుచున్న కృతినే అంతకుముందు ప్లేటుగా తీసియుంచి, సభతో పాటు దానిని సమముగా నడుపుచుండుట ఆమె పనులలో నొకటి. అపాయము వచ్చినచో సభ యాగినను ప్లేటు సాగును. ఒక చెవి సభపై, ఒక చెవి ప్లేటుపై. నేను ఆ మధ్యాహ్నము ఏడుమాఱులు ఓడిన పరీక్ష ఇదియే గదా! ఆమె దానిని ఇరువదేండ్లైనను నిండకముందే యుద్ధపు బాంబుల క్రింద చేసినది.

1949 నాటికి, ఇరువదిమూడేండ్ల ప్రాయమున, ఆమె “స్టిల్ పాయింట్” అను కృతి వ్రాసినది. దానిలో రెండు వాద్యబృందములు కలవు. ఒకదాని ధ్వని ప్రతిధ్వనితో కూడియుండవలెను, రెండవదాని ధ్వని పొడిగా నుండవలెను. వానితోపాటు మైక్రోఫోనులును, నిమిషమునకు 78 చుట్లు తిరుగు ప్లేట్లును వాద్యములుగా నిలిచినవి. ప్లేటును వాద్యముగా వాడుట అంతకుముందు లేకపోలేదు. అమెరికాలో జాన్ కేజ్ 1939లోనే వేగము మార్చదగు ప్లేటు యంత్రములతో ఒక కృతి చేసియుండెను. కాని రెండు వాద్యబృందముల నడుమ ప్లేట్లను కూర్చుండబెట్టుట సామాన్యపు సాహసము కాదు. ఆ కృతి ఆమె బ్రతికియుండగా ఒక్కమాఱును సభలో వినబడలేదు. 1958లో బి.బి.సి.లో రేడియోఫోనిక్ వర్క్‌షాప్ అను ధ్వనిశాలను స్థాపించినవారిలో ఆమె యొకతె. మఱుసటి యేడే దానిని విడిచి, కెంట్ సీమలో తన సొంత శాల పెట్టుకొన్నది. అక్కడ సినిమా ఫిలుముపై గీతలు గీసి, ఆ గీతలను బట్టి ధ్వని పుట్టించు యంత్రమును నిర్మించినది. ముగ్గు వేయు చేతికి ఈ యూహ వింతగా తోచదు. 2003లో ఆమె కాలము చేసినది. పిమ్మట ఆమె కాగితములను వెదకి “స్టిల్ పాయింట్”ను మరల కూర్చినవారు శివా ఫెషరెకి అను స్త్రీయు, జేమ్స్ బుల్లీ అనునతడును. 2016లో లండనులో ఒకమాఱు వినిపించిరి. 2018 జూలై 23వ తేదీ రాత్రి, ఆల్బర్టు హాలులో ప్రాంసు సభలందు, వాద్యబృందము నడుమ ఫెషరెకి ప్లేట్లను వాయించగా ఆ కృతి పూర్ణరూపమున వినబడినది. వ్రాసిన 69 ఏండ్లకు!

నెలకొక శనివారము మానుమని పిల్లతో అనుటకు నాకు నోరాడలేదు.

ఇక రాత్రి సంగతి. హాలులో కుర్చీలు లేవు. నా కొకటి ఎక్కడనుండియో తెచ్చి వేసిరి. నూటయేబదిమంది దాక యుందురు. ముందుగా ఒక యువకుడు తీగలు చిక్కుపడిన యొక పెట్టెతో, పాటలేవియు లేకుండ, అప్పటికప్పుడు ధ్వనులను పుట్టించి ముప్పావుగంట వినిపించెను. డీజే యితరుల పాటలను కూర్చును. ఇతడు తానే స్వయముగా కల్పించును. దీనిని “లైవు” అందురట. నా కది పది నిమిషముల కంటె నెక్కువ రుచింపలేదు. దోషము నాది కావచ్చును.

తరువాత మా పిల్ల. మన కచ్చేరీలో గాయకుని ముఖము చూచుచు కూర్చుందుము. ఇక్కడ ఆమె నెవ్వరును చూడరు. తాళము చేతిలో గాక కాళ్లలో నుండును. పండరి భజనలో చిఱుతలు వాయించుచు వలయముగ అడుగులు వేయువారిని చూచినవారికి ఇది పూర్తిగా క్రొత్త కాదు. క్రింది స్థాయి ధ్వనులు చెవికంటె ముందు ఱొమ్మెముకకు తగులును. మొదటి అరగంట జనులు గోడలకు జేరియే యుండిరి. పిల్ల శబ్దము పెంచలేదు, తొందరపడలేదు. వారి పాదములనే చూచుచుండెను. ఒక పాటను హెడ్‌ఫోనులో సిద్ధము చేసికొని, జనులను చూచి, దానిని విడిచి వేఱొకటి వెదకుట నేను కన్నులార చూచితిని. ఒకచోట రెండు పాటల దెబ్బలు తడబడినవి. వ్రేలితో రెండు మూడు క్షణములలో సవరించినది. ఎవ్వరును గమనింపలేదు. మధ్యాహ్నము ఓడిపోయియుండకున్న నేనును గమనించియుండను.

పదిన్నర దాటిన పిదప మోహనము వినబడినది. మొదట నా భ్రమ యనుకొంటిని. కాదు, యంత్రపు దెబ్బలపై ఆ అయిదు స్వరములే జలజల దొర్లుచున్నవి. తరువాత అడుగగా, హిందూస్థానీవారి భూపాలి యని చెప్పినది. బొంబాయి సినిమా వాద్యబృందములలో వాయించిన చరణ్‌జిత్ సింగ్ అనునాయన 1982లో సింథసైజరుతోను, యంత్రపు తాళముతోను పది రాగములను ప్లేటుగా చేసెనట. నాడు దానిని కొన్నవారు అరుదు. 2010లో మరల అచ్చయిన పిమ్మట విదేశములవారు మెచ్చి, ముసలితనమున ఆయనను యూరోపునకు పిలిచి వాయింపించుకొనిరి. 2015లో ఆయన గతించెను. ఆ రాత్రి నా చుట్టునున్న పిల్లలలో ఆ రాగము పేరు ఎఱిగినవా రెందఱో చెప్పలేను. అందఱి కాళ్లును దానిని ఎఱుగును.

చెవుల మాట మఱువరాదు. 85 డెసిబెలుల శబ్దమును ఎనిమిది గంటలు వినవచ్చుననియు, అటుపై ప్రతి మూడు డెసిబెలులకు కాలము సగమై, 100 దగ్గఱ పదునైదు నిమిషములే మిగులుననియు అమెరికా వైద్య పరిశోధకుల లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2022లో ఇట్టి సభలకు, పదునైదు నిమిషముల సగటున 100 డెసిబెలులు మించరాదని హద్దు సూచించిరి. లోచెవిలో ధ్వనిని పట్టు సన్నని కణములు ఒకసారి చచ్చిన మరల పుట్టవు. మా పిల్ల చెవులలో బిరడాలు పెట్టుకొన్నది. నాకును రెండు తెచ్చియుంచినది. మీ పిల్లలు పోవుదురేని, పోవలదనుటకు ముందు ఈ రెండు బిరడాలు కొనియిండు.

ఇల్లు చేరుసరికి పండ్రెండున్నర. వాకిట త్రాగియున్న ఇద్దఱు మగవారిని దాటి కారెక్కవలసివచ్చినది. మా తమ్ముని భయము ఇచ్చట మాత్రము న్యాయమైనదే. కాని అది రాత్రిని గూర్చిన భయము, దారిని గూర్చిన భయము. సంగీతమును గూర్చినది కాదు. అదే వేళకు ఆసుపత్రినుండి వచ్చు నర్సును ఆ భయము చూపి పని మానుమనము, తోడు పంపుదుము.

మఱునాడు ఉదయము కాఫీ త్రాగుచు, “విద్యయే” యని తమ్మునితో చెప్పితిని. అతడు చిన్నప్పుడు మూడేండ్లు మృదంగము నేర్చినవాడు. ఆ సంగతి ఇంట నందఱును మఱచిరి. లేచి పిల్ల గదిలోనికి పోయెను. నేను గుమ్మమున నిలిచితిని. హెడ్‌ఫోను పెట్టుకొని చాలసేపు కదలక కూర్చుండెను. కుడిచేతి వ్రేళ్లు మాత్రము తొడపై ఆడుచుండెను. “ఇది పరుగెత్తుతున్నదమ్మా” అనెను. “ఎంత?” అన్నది పిల్ల. చెప్పక, మీటను తానే క్రిందికి జరిపెను. మూడవమాఱు రెండును కలిసినవి. హెడ్‌ఫోను తీసి, “ఆ వినాయకుని లారీవాడు కూడ ఇదంతా చేస్తాడా?” అని యడిగెను.

“కొందఱు చేస్తారు నాన్నా.”

ఆ సాయంకాలము అతడే వరుని వారికి ఫోను చేసి, అమ్మాయి మానదని చెప్పెను. ఆలోచించి చెప్పెదమనిరట. నేనిది వ్రాయునాటికి అటునుండి యింకను మాట రాలేదు.