కల్లం దగ్గర ఉయ్యాల లేదు

బస్తర్‌లోని భోపాల్‌పట్నం పరిసరాల్లో వేసవి వచ్చిందంటే తునికాకు పనే ప్రధానం. వేకువనే అడవికి పోవాలి, ఇంటికి వచ్చి 50 ఆకుల చొప్పున కట్టలు కట్టాలి, సాయంత్రానికి కల్లానికి చేర్చాలి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో వెయ్యి కట్టల ప్రామాణిక బస్తా ధరను 4,000 నుంచి 5,500 రూపాయలకు పెంచింది. హర్షణీయమే. అయితే కట్టకు పడే ఆ ఐదున్నర రూపాయలు కోసిన చేతులకే దక్కుతాయి. భర్త పోయిన లేదా విడిచిపెట్టిన స్త్రీకి పసిబిడ్డ ఉంటే ఆ చేతులు సగం పూటే ఆడతాయి. అంగన్‌వాడీ తెరిచే వేళకు ఆమె అడవిలో ఉంటుంది. పని పోయిన రోజు తిండికి అప్పే గతి. ఆ అప్పు తీర్చడానికి గోదావరి దాటి ములుగు వైపు మిరప చేలకు పోతే బిడ్డా వెంట నడవవలసిందే.

2024 మార్చిలో మొదలైన మహతారీ వందన్ యోజన కింద వితంతువులకు, పరిత్యక్తలకు కూడా నెలకు వెయ్యి రూపాయలు లభిస్తున్నాయి. లెక్క వేస్తే అది సుమారు 182 కట్టల ధర. ఈ సొమ్ము ఉప్పూపప్పులకు ఆసరా అవుతుందే గాని బిడ్డను కనిపెట్టుకుని ఉండదు.

ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురో అంతకు మించో పనిస్థలానికి వస్తే, వారిని చూసేందుకు ఒక మహిళను కూలి ఇచ్చి నియమించాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం నిర్దేశించింది. ఇదే సూత్రాన్ని తునికాకు సేకరణకు వర్తింపజేయడానికి అడ్డేమిటి? ఊరికి ఒక మనిషి కూలిని సహకార సంఘాలు భరించలేవా? మిరప చేల సంగతి తేల్చడానికి మాత్రం రెండు రాష్ట్రాల అధికారులూ కలసి కూర్చోవలసి ఉంటుంది.