రణరంగము – కవి సాక్ష్యము

కవి కీర్తింపని శౌర్యము కాలగర్భమున గలిసిపోవునని పెద్దలందురు. అది నిజమే. కాని కవి కీర్తించుటచేతనే మరుగుపడిపోవు ప్రశ్నలును గలవు. పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల యుద్ధకవిత్వమును జదువువారు ఈ రెండవ విషయమును మరువరాదని మా మనవి.

1854వ సంవత్సరము అక్టోబరు 25వ తేదీన, క్రిమియా యుద్ధములో, బాలక్లావా యొద్ద సుమారు 670 మంది ఆంగ్లాశ్వికులు రష్యనుల ఫిరంగుల కెదురుగా దూకిరి. సేనాధిపతి రాగ్లాన్ ప్రభువు పంపిన యాజ్ఞ యొకటి. అశ్వసేనాని లూకన్ ప్రభువునకు బోధపడిన దింకొకటి. ఆ పొరపాటునకు నూరుమందికి పైగా బలియైరి. పత్రికలో ఆ వృత్తాంతమును జదివి ఆస్థానకవి టెన్నిసన్ ఇంట గూర్చుండి గీతము రచించెను. డిసెంబరు 9వ తేదీన అది ప్రకటితమయ్యెను. రెండు మాసములైన నిండకమునుపే ఘోరప్రమాదము ఘనకీర్తిగా మారెను.

ప్రమాదము జరిగినదని టెన్నిసన్ దాచలేదు. అది యాతని సత్యసంధత. కాని ప్రమాద మెవరివలన జరిగెనని యాతడడుగలేదు. ఆజ్ఞాపాలనము సైనికునకు ధర్మము కావచ్చును. అడుగుట పౌరుని ధర్మము. సైనికుని మౌనమును మెచ్చుకొనుచు మనమును మౌనము దాల్చిన యెడల, ఆ మెప్పు చచ్చినవారికి గాక చంపించినవారికే రక్షయగును.

వీరులను గొనియాడు వేళ తప్పులెన్నుట తగదని కొందరు వాదింతురు. వారికి 1890వ సంవత్సరమే ప్రత్యుత్తరము. ఆ దాడిలో బ్రతికి బయటపడిన వృద్ధులు కొందరు కడుపేదలై యుండిరని తెలిసి, నాడు ప్రజలనుండి చందాలు పోగుచేయవలసి వచ్చెను. ఆ ముదుసలులు టెన్నిసన్ కడకే పోయి మొరపెట్టుకొనినట్లు కిప్లింగు ఆ యేడే యొక పద్యమున గల్పించెను. గీతము దేశమంతట మారుమ్రోగుచుండగా గీతములోని వీరులకు కూడు కరవయ్యెను!

అదే శతాబ్దమున వేరొక మార్గమును గలదు. 1861లో అమెరికా అంతర్యుద్ధము మొదలైనపుడు వాల్ట్ విట్మన్ సయితము భేరీనాదమునే వినిపించెను. 1862 డిసెంబరులో గాయపడిన తమ్ముని వెదకుచు ఫ్రెడరిక్స్‌బర్గ్ ప్రాంతమునకు బోయి, వైద్యశాలగా మారిన యొక భవనము ముంగిట, చెట్టుక్రింద, కోసివేసిన కాలుసేతుల కుప్పను కన్నులార జూచెను. పిమ్మట వాషింగ్టన్ వైద్యశాలలలో క్షతగాత్రుల ప్రక్కన గూర్చుండి పరిచర్య చేసెను. 1865లో వెలువడిన యాతని ‘డ్రమ్ టాప్స్’ సంపుటమున ఆ భేరీనాదమును గలదు, గాయములకు కట్లు కట్టు చేతుల నెమ్మదియు గలదు. 1899లో బోయరు యుద్ధమును గూర్చి థామస్ హార్డీ వ్రాసిన పద్యమునందు జయఘోషయే లేదు. దూరదేశమున, శవపేటికయైన లేక పూడ్చబడిన యొక పల్లెటూరి బాలుడు మాత్రము గలడు.

దూరమునుండి చూచినవానికి ధ్వజములు కనబడును. చేరువ నిలిచినవానికి మనుష్యులు కనబడుదురు. ఇది మనకు క్రొత్త పాఠము కాదు. మన భారతము యుద్ధపర్వములతో ముగియలేదు. వానివెంట స్త్రీపర్వము గలదు. జయమును పాడిన నోటనే గాంధారి శోకమును పాడవలసి వచ్చెను.

కావున పాఠకులారా, యుద్ధగీతము చెవిని బడినపుడు రక్తము పొంగుట సహజమే, పొంగనిండు. పాట ముగిసిన పిదప మాత్రము రెండు ప్రశ్నలడుగుడు: ఆజ్ఞ యెవరిది? మిగిలినవారి గతి యేమి? వీనికి తావియ్యని గీతము ఎంత మధురమైనను, సగము సాక్ష్యమే.