‘ఎస్’ కొట్టకండి!

కొయ్యూరు నుంచి ఓ విశ్రాంత గుమాస్తా గారి ప్రశ్న: ‘1989లో మా సంఘం రైతుల వాటాల లెక్కలు జీనిక్స్‌లో ఎక్కించాం. కాగితాలు చెదలు తినేశాయి. 5.25 అంగుళాల ఫ్లాపీలు రెండు మిగిలాయి. పాత పీసీలో పెడితే విండోస్ ‘ఫార్మాట్ చేయమంటారా’ అంటోంది. ఏం చేయాలి?’

పొరపాటున కూడా ‘ఎస్’ కొట్టకండి. లెక్కలన్నీ పోతాయి!

జీనిక్స్ అంటే మైక్రోసాఫ్ట్ 1980లో ప్రకటించిన యూనిక్స్. అవును, డాస్ కన్నా ముందే. అప్పట్లో ఒక యూనిక్స్ ప్రోగ్రాం మరోదానిలో నడవడం గగనం. జీనిక్స్ ప్రోగ్రాములనూ నడిపే సిస్టమ్ ఫైవ్ 3.2 వచ్చింది 1988లో.

ముందు ఫ్లాపీ అంచున ఉన్న గాడిని స్టిక్కరుతో మూసేయండి. ఇక దానిమీద ఏదీ రాయడం కుదరదు. తర్వాత లైనక్స్‌లో ‘డీడీ’ కమాండ్‌తో ఫ్లాపీ మొత్తాన్నీ ఒక ఫైలుగా నకలు తీయండి. ప్రయత్నాలన్నీ ఆ నకలు మీదే. ‘టార్’తో ఎక్కించి ఉంటే మీ అదృష్టం, ఇప్పటి టార్ కూడా చదివేస్తుంది. లేదంటే ‘సిస్‌వీ’ ఉన్న పాత లైనక్స్ కావాలి. 2025లో కెర్నల్ 6.15 నుంచి దాన్ని తీసేశారు. ఎవరూ వాడట్లేదనుకున్నారు కాబోలు, కొయ్యూరు సంగతి వాళ్లకేం తెలుసు!

అసలు ప్రోగ్రాం దొరక్కపోతే ‘స్ట్రింగ్స్’ కమాండ్ వాడండి. అంకెల మాట ఎలా ఉన్నా, రైతుల పేర్లయినా బయటపడొచ్చు.